ఈ-మెయిల్ ఓటీపీ ఆలస్యంగా ఎందుకొస్తుంది? బొమ్మల స్పామ్‌కు, దీనికి లింకేంటి?

ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో కొత్తగా రిజిస్టర్ అవుతున్నారనుకుందాం. రెండు ఓటీపీలు వస్తాయి. ఒకటి మొబైల్‌కు, ఇంకొకటి ఈ-మెయిల్‌కు. గడువు 15 నిమిషాలే. మొబైల్‌కు క్షణాల్లో వచ్చేసింది. మెయిల్‌కు మాత్రం రాలేదు. స్పామ్ ఫోల్డర్ చూశారు, అక్కడా లేదు. వెంటనే ‘రీసెండ్’ నొక్కారు. అరగంట తర్వాత రెండు మెయిళ్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. రెండూ గడువు తీరినవే.

ఇలాంటప్పుడు మనం తిట్టుకునేది ప్రభుత్వ సర్వర్‌నే. కొన్నిసార్లు తప్పు దానిదే కావచ్చు కూడా. కానీ మీరిచ్చింది ఆఫీసు మెయిలో, కాలేజీ మెయిలో, సొంత డొమైన్‌తో నడిచే చిన్న సంస్థ మెయిలో అయితే కారణం మీ వైపే ఉండొచ్చు. మీ మెయిల్ సర్వరే ఆ మెయిల్‌ను గుమ్మం దగ్గర ఆపి, ‘ఇప్పుడు కాదు, కాసేపాగి రా’ అని వెనక్కి పంపి ఉండొచ్చు. అదీ పొరపాటున కాదు, కావాలనే.

ఈ పద్ధతి పేరు గ్రేలిస్టింగ్. మెయిల్‌లో ఏముందో చదవకుండానే స్పామ్‌ను ఆపడం దీని ప్రత్యేకత. చదవకుండా ఆపాల్సిన అవసరం ఏమొచ్చింది? చదవడానికి వీల్లేని స్పామ్ రావడం ఒక పెద్ద కారణం.

అక్షరాలు బొమ్మలో దాక్కున్నాయి

ఇరవై ఏళ్ల కిందటి స్పామ్ ఫిల్టర్లు ప్రధానంగా మాటలను చూసేవి. ఏ మాట స్పామ్‌లో ఎక్కువగా వస్తుంది, ఏది మామూలు మెయిళ్లలో వస్తుందని లెక్కగట్టి మార్కులు వేసేవి. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ రాసిన ఓ వ్యాసంతో ఈ పద్ధతికి బాగా ఆదరణ పెరిగింది. కొన్నాళ్లు బాగానే పనిచేసింది.

దానికి స్పామర్లు కనిపెట్టిన విరుగుడు చాలా సింపుల్. చెప్పాల్సిందంతా ఓ బొమ్మగా మార్చి పంపడమే. మనిషి కంటికి అవి అక్షరాలు. ఫిల్టర్‌కు అవి రంగు చుక్కలు మాత్రమే. పైగా బొమ్మ కింద ఏదో నవలలోంచి కత్తిరించినట్టుండే నాలుగు వాక్యాలు అతికించేవారు. ఫిల్టర్ వాటిని చదువుకుని, ‘ఇందులో తప్పేమీ లేదే’ అని వదిలేసేది.

2006, 2007లో ఈ బొమ్మల స్పామ్ ఉప్పెనలా వచ్చింది. ఎక్కువగా కనిపించింది అమెరికా చిల్లర షేర్ల ప్రచారం. ‘ఈ షేర్ రేపు దూసుకుపోతుంది, ఇవాళే కొనండి’ అని లక్షల మందికి పంపడం, జనం కొని ధర పెరగగానే తమ దగ్గరున్నవి అమ్మేసుకోవడం. ఈ బెడద ఎంతవరకు వెళ్లిందంటే, 2007 మార్చిలో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఇలా స్పామ్‌లో ప్రచారమైన 35 కంపెనీల షేర్ల ట్రేడింగ్‌ను ఒకే రోజు సస్పెండ్ చేసింది.

బొమ్మను మెషీన్ చదవలేదా?

చదవగలదు. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ టెక్నాలజీ అప్పటికే ఉంది. స్పామ్‌అసాసిన్ అనే ఉచిత ఫిల్టర్‌కు ఫజీఓసీఆర్ పేరుతో ఓ ప్లగిన్ కూడా వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికి స్పామర్లు అక్షరాలను వంకర్లు తిప్పారు, వెనకాల గీతలు, చుక్కలు చల్లారు. ఒకే బొమ్మను ముక్కలుగా కోసి పక్కపక్కనే పేర్చారు. కదిలే జిఫ్ బొమ్మల్లో అసలు విషయం ఒక ఫ్రేమ్‌లో మాత్రమే కనిపించేలా పెట్టారు. వెబ్‌సైట్లలో ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ చూపించే వంకర అక్షరాలు గుర్తున్నాయా? మెషీన్లను ఆపడానికి మనం వాడిన ఆ ఎత్తునే స్పామర్లు మన ఫిల్టర్ల మీద ప్రయోగించారు.

ఇంకో దారి కూడా ఉంది. ఒకసారి స్పామ్ అని తేలిన బొమ్మకు వేలిముద్ర లాంటి కోడ్ తయారుచేసి, అదే బొమ్మ మళ్లీ వస్తే ఆపేయడం. మామూలు కోడ్ అయితే బొమ్మలో ఒక్క చుక్క రంగు మారినా మొత్తం మారిపోతుంది. స్పామర్లు ప్రతి కాపీలోనూ నాలుగు చుక్కలు మార్చి పంపేవారు. అందుకే కాస్త తేడా ఉన్నా పోల్చుకోగలిగే కోడ్‌లు అవసరమయ్యాయి.

వీటన్నిటికీ ఖర్చుంది. మాటలు లెక్కపెట్టడం కన్నా బొమ్మ చదవడానికి సర్వర్‌కు చాలా ఎక్కువ శక్తి కావాలి. అందుకే తేలికపాటి పరీక్షలు ముందు పెట్టి, వాటిలో తేలని మెయిళ్లకే ఓసీఆర్ వాడటం ఆనవాయితీ అయింది.

ఖర్చు ఒక ఎత్తు, అమాయకులను పట్టుకోవడం ఇంకో ఎత్తు. ఈ సమస్య తెలుగువాళ్లకు కాస్త ఎక్కువే. మన దగ్గర పెళ్లి పత్రికలు, సంస్మరణ సభల ఆహ్వానాలు, సంఘాల ప్రకటనలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో తయారవుతాయి. యూనికోడ్ కాదు కాబట్టి ఆ అక్షరాలను మెయిల్‌లో కాపీ చేస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. దాంతో అందరూ జేపీజీ చేసి పంపేస్తారు. సబ్జెక్ట్ ఉండదు, కింద ఒక్క లైనూ ఉండదు, ఒకేసారి వంద మందికి వెళ్తుంది. ఫిల్టర్ కళ్లతో చూస్తే అచ్చం స్పామే. నా ఫ్రెండ్ పెళ్లి పత్రిక నాకు స్పామ్ ఫోల్డర్‌లో దొరికింది, అదీ రిసెప్షన్ అయిపోయిన తర్వాత.

చదవకుండానే ఆపడం ఎలా?

గ్రేలిస్టింగ్‌ను 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించారు. సర్వర్ మూడు విషయాలు మాత్రమే చూస్తుంది. మెయిల్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చింది, పంపినవారు ఎవరు, ఎవరికి వచ్చింది. ఈ మూడూ కలిపి ఇంతకుముందెప్పుడూ చూడనివైతే, 450 లేదా 451 కోడ్‌తో ‘ప్రస్తుతానికి తీసుకోలేను’ అని తాత్కాలికంగా తిప్పి పంపుతుంది.

పద్ధతిగా నడిచే మెయిల్ సర్వర్ ఆ మెయిల్‌ను క్యూలో పెట్టుకుని కాసేపాగి మళ్లీ వస్తుంది. అప్పటి స్పామ్ ప్రోగ్రామ్‌లకు అంత ఓపిక లేదు. లక్షల అడ్రస్‌లకు గుడ్డిగా కొట్టుకుంటూ పోవడమే వాటి పని, తిరిగి రావు. కాబట్టి లోపలున్నది బొమ్మా, అక్షరాలా అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు.

తిరిగొచ్చిన స్పామర్ల విషయంలో కూడా ఈ ఆలస్యం పనికొస్తుంది. ఆపిన ఆ కొన్ని నిమిషాల్లో అదే స్పామ్ ఇంకెక్కడో పట్టుబడి, పంపిన ఐపీ బ్లాక్‌లిస్టులోకి ఎక్కి ఉండొచ్చు. బొమ్మ కోడ్ ఫిల్టర్లకు చేరి ఉండొచ్చు. నన్నడిగితే గ్రేలిస్టింగ్ అసలు బలం ఇదే. కొత్త బొమ్మను మొదటి క్షణంలో గుర్తించడం కష్టం, పది నిమిషాల తర్వాత తేలిక.

మరి నష్టం ఎవరికి?

ఓటీపీ కోసం ఎదురుచూసేవాళ్లకు. పోస్ట్‌గ్రే అనే సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ ఆలస్యం 300 సెకన్లు, అంటే 5 నిమిషాలే. కానీ చిక్కేంటంటే, 5 నిమిషాలకే రమ్మని చెప్పే అధికారం మీ సర్వర్‌కు లేదు. మళ్లీ ఎప్పుడు రావాలో పంపేవాళ్ల సర్వర్ నిర్ణయించుకుంటుంది. మెయిల్ నిబంధనల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం మళ్లీ ప్రయత్నించడానికి కనీసం 30 నిమిషాలు ఆగడం మంచిది, 4-5 రోజుల వరకు ప్రయత్నం మానకూడదు. ఎగ్జిమ్ అనే సర్వర్ సాధారణ సెట్టింగ్‌లలో మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకోసారి ప్రయత్నిస్తుంది. ఓటీపీ గడువు 15 నిమిషాలైతే ఇందులో ఏదీ సరిపోదు.

పెద్ద సంస్థలతో ఇంకో తలనొప్పి. వాటికి సర్వర్లు బోలెడు. మొదటిసారి ఒక ఐపీ నుంచి, రెండోసారి మరో ఐపీ నుంచి రావచ్చు. ప్రతిసారీ కొత్త మనిషే అనుకుని గ్రేలిస్ట్ మళ్లీ వెనక్కి పంపుతుంది. తెలిసిన సంస్థలను ముందే వైట్‌లిస్టులో పెట్టని అడ్మిన్ ఉంటే మెయిల్ గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఇంత భరించినా గ్రేలిస్టింగ్ ఇప్పుడు ఒకప్పటిలా కాపాడలేదు. స్పామ్ ప్రోగ్రామ్‌లు కూడా తిరిగి రావడం నేర్చుకున్నాయి. హ్యాక్ చేసిన అసలైన అకౌంట్ నుంచి వచ్చే స్పామ్‌ను నిజమైన సర్వరే పంపుతుంది, అది ఎలాగూ మళ్లీ వస్తుంది.

అందుకే పెద్ద కంపెనీలు అందరినీ ఆపడం కాకుండా అనుమానం ఉన్నవాటినే ఆపే దారి పట్టాయి. జీమెయిల్‌లో అనుమానాస్పద మెయిళ్లను కాస్త ఆలస్యం చేసి లోతుగా పరీక్షిస్తామని, అవి సగటున 0.05 శాతం కన్నా తక్కువేనని 2017లో గూగుల్ చెప్పింది. మెషీన్ లెర్నింగ్‌తో రోజుకు అదనంగా 10 కోట్ల స్పామ్ మెయిళ్లు ఆపుతున్నామని 2019లో ప్రకటించినప్పుడు, అంతవరకు దొరకడం కష్టమైనవాటిలో బొమ్మల స్పామ్‌నూ ప్రస్తావించింది. మైక్రోసాఫ్ట్ వ్యాపార మెయిల్‌లో మరో మధ్యేమార్గం ఉంది. మెయిల్‌లోని మాటలు వెంటనే వచ్చేస్తాయి, అటాచ్‌మెంట్ మాత్రం పరీక్ష అయ్యాక వస్తుంది. అందరినీ గుమ్మంలో నిలబెట్టడం కన్నా ఇది మేలు. కాకపోతే చిన్న సంస్థలకు అంత సరంజామా ఉండదు.

మీరేం చేయొచ్చు?

ఆఫీసు మెయిల్‌కు ఓటీపీ రాకపోతే వెంటనే ‘రీసెండ్’ నొక్కకండి. గ్రేలిస్ట్ గుర్తుపెట్టుకునేది పంపినవారిని, అందుకునేవారిని, ఐపీనే తప్ప మెయిల్‌ను కాదు. కనుక ఆరేడు నిమిషాలు ఆగి నొక్కితే, ఆ రెండో మెయిల్‌నే ‘తిరిగొచ్చినవాడు’గా లెక్కేసి లోపలికి పంపే అవకాశం ఎక్కువ. ఓసారి దారి తెరుచుకుంటే కొన్ని వారాల పాటు అదే చోటు నుంచి వచ్చే మెయిళ్లకు మామూలుగా అడ్డుండదు. అయినా పన్ను, పాస్‌పోర్ట్ లాంటి పనులకు ఉద్యోగం మారితే పోయే ఆఫీసు మెయిల్ కన్నా సొంత మెయిల్ ఇవ్వడమే నయం.

మీరు బొమ్మ పంపేటప్పుడు సబ్జెక్ట్ రాయండి. ఎవరి పెళ్లి, ఎప్పుడు, ఎక్కడ అన్నది రెండు లైన్లు టైప్ చేయండి. యూనికోడ్ తెలుగైనా సరే.

ఇక వచ్చే బొమ్మల సంగతి. రీఫండ్ వచ్చిందనో, ఈ-పాన్ డౌన్‌లోడ్ చేసుకోమనో మెయిల్ అంతా ఒకే బొమ్మగా ఉండి, మధ్యలో క్యూఆర్ కోడ్ కనిపిస్తే స్కాన్ చేయొద్దు. ఇదీ పాత ఎత్తే. అప్పట్లో అక్షరాలు దాచినట్టే ఇప్పుడు లింక్‌ను కోడ్‌లో దాస్తున్నారు. పైగా దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తాం కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌కున్న రక్షణ ఇక్కడ పనిచేయదు. ఈ-పాన్ పేరుతో వచ్చే నకిలీ మెయిళ్ల గురించి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఇప్పటికే హెచ్చరించింది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఆ మెయిల్‌ను మాత్రం డిలీట్ చేయకండి, ఫిర్యాదుకు అవసరమవుతుంది.