పటములలోని ఓడలు, ఓడలలోని మనవారు

చెన్నపురిలో మూడు నాలుగు తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పాత సామానుల నడుమ, ఒక ఓడ పటము దొరకుట కలదు. పెద్ద ధూమనౌక యొకటి, దానిపై నల్లని పొగగొట్టము, ప్రక్కన నీటిమీద రెండు చిన్న పడవలు. పటము వెనుక వ్రాత యేమియు నుండదు. పిల్లలు అడిగినచో ఇంటి పెద్దలు “తాతగారు రంగము పోయిన ఓడ” యని చెప్పుదురు. రంగమనగా రంగూను, తీరాంధ్రమున మనవారు ఆ నగరమును పిలిచిన పేరది. ఆ ఓడ పేరేమి, ఆయన పోయిన సంవత్సరమేది, తోడుగా ఎవరెవరు పోయిరి, మరల ఎప్పుడు వచ్చిరి అను ప్రశ్నలకు బదులు చెప్పగలవారు మాత్రము ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఓడలను గూర్చి లోకమున గ్రంథములకు కొరత లేదు. ఏ నౌక ఏ కార్ఖానాలో తయారైనది, ఎన్ని టన్నులది, ఎప్పుడు విరుగగొట్టబడినది అను వివరములను కంపెనీలవారు శ్రద్ధగా వ్రాసి యుంచిరి. అందమైన పటములను గూడ తీయించి యుంచిరి. కాని ఆ ఓడల డెక్కుమీద చాపలు పరచుకొని ప్రయాణము చేసిన మనవారి సంగతి ఆ పటములలో నుండదు. ఆ లోటును పూరింపగలవారు మన కుటుంబములవారే గాని ఇతరులు గారు. ఈ వ్యాసమున మేము విన్నవింపదలచినది ఈ యొక్క విషయమే.

దీనిని ముచ్చటించుటకు రాయపురముకంటె తగిన చోటు లేదు. 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన దక్షిణభారతమున తొలి రైలుబండి రాయపురమునుండి వాలాజా రోడ్డునకు బయలుదేరెను. నాడు స్తంభములతో కట్టిన స్టేషను నేటికిని నిలిచియున్నది. సముద్రమునకును, ముత్యాలపేట మొదలగు వర్తకుల పేటలకును దగ్గరగా నుండుటచేత ఆ చోటు రైలునకు తగియుండెను. రేవులో పడవలు నడపిన క్రైస్తవులు 1829లో కట్టుకొనిన పేతురుగారి దేవాలయము ఈ పేటలోనే కలదు. పేతురును తమిళులు రాయప్పర్ అందురు. పేటకు ఆ పేరుమీదుగనే రాయపురమను పేరు వచ్చినదని చెప్పుదురు. 1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలుమార్గము తెరవబడిన పిదప, తెలుగు జిల్లాలనుండి వచ్చువారికి ఈ నగరపు రేవు మరింత చేరువయ్యెను.

మొదట చెన్నపట్టణమునకు రేవే లేదు. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. ఓడకును ఒడ్డునకును నడుమ ఎడతెగని కెరటములు. వానిని దాటించుటకు మసూలా పడవలు తప్ప వేరు సాధనము లేదు. ఆ పడవల పలకలను మేకులతో బిగింపక, కొబ్బరి నార త్రాటితో కుట్టెడివారు. మేకులు కొట్టిన పడవ కెరటపు దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి, మరల నిక్కును. గవర్నరు మొదలు కూలివాని వరకు ఎవరైనను ఆ పడవలోనే తడిసి ఒడ్డు చేరవలసినదే.

1860వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ‘ట్రూరో’ యను నౌక చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు బయలుదేరెను. చెరకుతోటల పనికి ఒప్పందముమీద పోవుచున్న 342 మంది ప్రయాణికులు అందు గలరు. తమిళులతోబాటు తెలుగువారును ఆ ఓడలో నుండిరి. నవంబరు 16వ తేదీన వారు డర్బను చేరిరి. రేవుగాని వంతెనగాని లేని కాలమది. కావున వారందరు ఈ యొడ్డున మసూలా పడవలెక్కి, కెరటములు దాటియే ఓడ చేరి యుందురు. సముద్రమును మునుపెన్నడు చూడని పల్లెవారికి ఆ మొదటి గడియ ఎట్లుండెనో ఊహించుకొనవలసినదే గాని, వ్రాసి పెట్టినవారు లేరు.

1860 తరువాతి తొలియేండ్లలో సముద్రములోనికి ఒక ఇనుప వంతెన కట్టబడెను. 1875లో వేల్సు యువరాజు రేవుకట్టడమునకు స్మారకశిల నుంచెను. ఇరువైపుల రాతిగోడలు లేచి, పని ముగియవచ్చుచుండగా, 1881 నవంబరు 12వ తేదీన వచ్చిన తుపాను ఆ గోడలను పడగొట్టెను. మరల మొదలుపెట్టి 1896 నాటికి పూర్తిచేసిరి. 1904లో రేవు బాధ్యత వహించిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు, తూర్పుననున్న ముఖద్వారమును మూయించి, ఈశాన్యమున తెరపించెను. రేవులోని నీరు కుదుటపడుటకు ఆ మార్పే ముఖ్యకారణము.

ఈ కట్టడమువలన రాయపురమునకు ఒక నష్టము గూడ కలిగెను. తీరమువెంట ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు సాగుట ఇక్కడి సముద్రపు స్వభావము. రేవుగోడ అడ్డువచ్చుటచే దక్షిణమున ఇసుక మేటవేసి మెరీనా తీరము విశాలమయ్యెను. ఉత్తరమున ఇసుక చాలక రాయపురపు ఒడ్డు కోసుకొనిపోయెను. నేడు అక్కడ బండరాళ్ళ గట్టు కనబడుటకు కారణమిదియే. కనుక రాయపురపు పాత తీరమును చూపు పటము దొరకినచో, అది వేడుకకు మాత్రమే గాక, సాక్ష్యమునకు గూడ పనికివచ్చును.

రైలు వచ్చిన 1856వ సంవత్సరముననే చెన్నపట్టణమున ఛాయాచిత్రకారుల సంఘమొకటి ఏర్పడెను. అటుపిమ్మట నికలస్, వీలే అండ్ క్లైన్ మొదలగు చిత్రశాలలవారు నగరమును, తీరమును పటములు తీసిరి. మసూలా పడవల చిత్రములు పోస్టుకార్డులుగా అచ్చయి దేశాంతరములకు పోయెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి జర్మను యుద్ధనౌక ‘ఎమ్డెన్’ రేవుపై గుండ్లు కురిపించినపుడు బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లు తగులబడెను; ఆ దృశ్యములును పోస్టుకార్డులై అమ్ముడుపోయెను. నాడు ప్రాణభయముతో ఊరు విడిచిపోయినవారు వేలకొలది గలరు. వారి పటములు మాత్రము మిగులలేదు.

ఇక మనవారు ఎక్కువగా ఎక్కిన ఓడలను గూర్చి చెప్పవలెను. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని జనులు బి.ఐ. కంపెనీ యని పిలిచెడివారు. చెన్నపట్టణమున బిన్నీ కంపెనీవారు దాని ఏజెంట్లు. ఈ కంపెనీ ఓడలు చెన్నపట్టణమునుండి రంగూనునకును, సింగపూరునకును పోవుచుండెను. కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము మొదలగు రేవులలోను అవి మనవారిని ఎక్కించుకొనెడివి. రంగూను రేవులో బరువులు మోసిన కూలీలలో తెలుగువారే అధికులు. కోరంగి రేవు పేరుమీదుగ బర్మావారు వారిని కొరంగీలనిరి.

బి.ఐ. ఓడలలో రాయపురమువారికి మిక్కిలి పరిచయమైనది ‘రజులా’. ఇది 1926లో గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ వారి కార్ఖానాలో తయారయ్యెను. దానికి జతగా అదే యేట ‘రోహ్నా’ తయారయ్యెను. రెండును చెన్నపట్టణము, నాగపట్టణము, పెనాంగు, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూరు మార్గమునకై కట్టబడినవి. రజులా ఎనిమిదివేల టన్నులకు మించిన ఓడ. అందు గదులలో పోవువారు కొలదిమంది. డెక్కుమీద పోవుటకు మొదట అనుమతి పొందినవారు ఐదువేలకు పైబడి యుండిరి. కంపెనీవారి ప్రకటన పటములలో కనబడునది ఆ కొలదిమంది భోజనశాలయే. ఐదువేలమంది ట్రంకుపెట్టెలు, చాపలు, చెంబులు, పచ్చడిజాడీలు, చంటిబిడ్డలు ఆ పటములలో లేవు. భండారి వండిన అన్నమునకై వరుసలో నిలుచుట, తల త్రిప్పుటచే రెండురోజులు లేవలేకపోవుట, మూడవనాడు ప్రక్క చాపవారితో చుట్టరికము కలుపుకొనుట, పెనాంగు దగ్గర జెరెజాకు ద్వీపమున రోగపరీక్షకై నిలుపబడుట, ఇవి డెక్కు ప్రయాణికుల చరిత్ర. పేరాక్ రాష్ట్రమున బాగన్ డాటో కొబ్బరితోటలలో పాతుకొనిన తెలుగు కుటుంబముల కథలు ఇట్టి డెక్కుమీదనే మొదలైనవి.

రోహ్నా కథ విషాదాంతము. రెండవ ప్రపంచయుద్ధమున అది సైనికుల ఓడగా మారెను. 1943 నవంబరు 26వ తేదీన అల్జీరియా తీరమున జర్మను విమానము విడిచిన బాంబు తగిలి మునిగెను. వేయిమందికి పైగా అమెరికా సైనికులు మరణించిరి. ఓడ నడపిన భారతీయ ఖలాసీలలో గూడ అనేకులు ప్రాణములు గోల్పోయిరి. సైనికులకు నేడు స్మారకచిహ్నములు గలవు. ఖలాసీల పేర్లు తలచువారు అరుదు.

రంగము ఓడలకు మొదటి దెబ్బ 1941 డిసెంబరు 23న తగిలెను. ఆనాడు జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. దొరకిన ఓడలెక్కి కొందరు వచ్చిరి. ఓడ దొరకనివారు కొండలు, అడవులు పట్టి నడచిరి. దారిలో పడిపోయినవారు లెక్కకు మిక్కిలి. యుద్ధము ముగిసిన పిదప కొందరు మరల పోయిరి. 1963, 1964 సంవత్సరములలో బర్మా ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా, వారును కట్టుబట్టలతో తిరిగి రావలసి వచ్చెను. విశాఖపట్నమున బర్మా క్యాంపు, చెన్నపట్టణమున రేవున కెదురుగా వెలసిన బర్మా బజారు ఆ రాకకు గుర్తులు.

రజులా 1973 వరకు ఈ మార్గమున తిరిగెను. ఆ యేట షిప్పింగ్ కార్పొరేషనువారు దానిని కొని ‘రంగత్’ అని పేరు మార్చిరి. మరుసటి సంవత్సరమే అది విరుగగొట్టబడెను. ‘పాస్తర్’ అను ఫ్రెంచి నౌకను కొని ‘చిదంబరం’ అను పేరుతో సింగపూరు మార్గమున నడపిరి. 1985 ఫిబ్రవరిలో నడిసముద్రమున ఆ ఓడలో అగ్నిప్రమాదము జరిగి పలువురు మరణించిరి. దానితో ఆ ప్రయాణపు ఓడల కాలము ముగిసెను. అట్లాంటికు సముద్రమున తిరిగిన ‘క్వీన్ మేరీ’ అమెరికాలో లాంగ్ బీచి రేవున 1967 నుండి భద్రముగ నిలుపబడియున్నది. మనవారు తిరిగిన రజులాను చూడవలెనన్న పటములే గతి.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. మారిషస్ దీవికి పోయిన కూలీలకు అక్కడి ప్రభుత్వము 1860 తరువాతి దశకమునుండి ఛాయాచిత్రములు తీయించెను. అవి నేటికిని మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. నేటాలు రిజిస్టర్లలో లక్షా ఏబదివేలకు పైగా మనుష్యుల పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చ, ఎక్కిన ఓడపేరు వ్రాయబడియున్నవి. ఆ దేశముల తెలుగువారు నేడు తమ ముత్తాతల గ్రామములను వెదకుకొనుచు వచ్చుట ఆ కాగితములవలననే సాధ్యమగుచున్నది. పరుల లెక్కలకై పరులు వ్రాసిన కాగితములు అంత మేలు చేయగా, మన యింటి పటము వెనుక మనము ఒక్క పంక్తి వ్రాయకుండుట న్యాయమా?

పటము చేతనున్నచో కొంత మనమే తెలిసికొనవచ్చును. నల్లని పొగగొట్టమునకు రెండు తెల్లని పట్టీలున్నచో అది బి.ఐ. కంపెనీ ఓడ. ఆ కంపెనీ ఓడల పేర్లు చాలవరకు, రజులా, రోహ్నా వలె, ఆకారాంతములు. పేరు ఓడ ముందుభాగమున నుండును. వెనుక భాగమున పేరుతోబాటు ఓడ నమోదైన రేవుపేరును ఉండును. చీకటి రంగు జెండా నడుమ తెల్లని చదరము కనబడినచో ఆ ఓడ బయలుదేరబోవుచున్నదని అర్థము. అది వీడ్కోలునాటి పటము. అట్టక్రింద చిత్రశాల ముద్ర ఉన్నచో ఊరు, కాలము తెలియును. భూతద్దము, కొంచెము ఓపిక ఉన్నచాలును.

అయితే పటము చెప్పలేనిది మనిషి చెప్పవలెను. కావున మా కోరిక యిది. ఓడ పటములున్నవారు వానిని పెట్టెలోనుండి తీసి, ఇంటిలోని వృద్ధుల ముందుంచవలెను. ఓడ పేరు జ్ఞాపకము లేకున్నను, ఎక్కిన నెల, వెంట తీసికొనిపోయిన సామాను, రేవుదాక వచ్చి సాగనంపినవారి పేర్లు వారికి జ్ఞాపకముండును. విన్నదానిని తెలుగుననే, వారి మాటలలోనే, వ్రాసికొనవలెను. పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. సిరా కాగితమును తినును. పటమునకు ప్రతి తీయించి బంధువులకు పంచవలెను. ఒకరి యింట ఓడ పటము, మరియొకరి యింట చీటీ, ఇంకొకరి యింట జ్ఞాపకము ఉండును. మూడును ఒకచోట చేరినపుడుగాని ఒక ప్రయాణము పూర్తిగా తెలియదు.

రాయపురము స్టేషను ఎదుట నిలిచినచో నేటికిని రేవు కొయ్యలు, ఇనుప క్రేనులు కనబడును. సరకు ఓడలు వచ్చిపోవుచునే యున్నవి. మనవారిని రంగమునకు, సింగపూరునకు మోసిన ఓడలు మాత్రము రావు. వానిని ఎక్కి దిగినవారు కొందరు ఇంకను మన యిండ్లలో నున్నారు. వారిని అడుగవలసిన ప్రశ్నలను వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయకుండుట మంచిది.