ఆదిలాబాదు అడవులు: భయమెవ్వరికి?

ఒక క్రొత్త ప్రాంతముపేరు వినినతోడనే "అచటికి పోవుట క్షేమమా?" యని యడుగుట లోకసహజము. ఈ ప్రశ్నలో దోషము లేదు. ఇల్లు విడిచి పోవువాడు దారిని, నీటిని, జ్వరమును, దొంగలను గూర్చి విచారించుకొని పోవలసినదే. కాని యొక దేశమునకు వచ్చిన చెడ్డపేరు ఎవ్వరి నోట పుట్టినదో, ఎవ్వరి యనుభవమునుబట్టి నిలిచినదో విచారించువారు తక్కువ. గోదావరి కావలియొడ్డుననున్న ఆదిలాబాదు అడవుల చరిత్రయందు ఈ విచారణకు మంచి నిదర్శనము కలదు. దానిని జెప్పుటకు ముందు సముద్రము దాటి మరియొక దేశమును జూచి రావలసియున్నది. ఆ దేశపు కథకును మన సికింద్రాబాదునకును సంబంధము కలదు.

పశ్చిమాఫ్రికా తీరమున సియెర్రాలియోను అను దేశమున్నది. దాని ముఖ్యనగరమైన ఫ్రీటౌనును 1792లో దాస్యవిముక్తులైన నల్లవారు స్థాపించిరి. ఆంగ్లేయులు ఆ దేశమును "తెల్లవాని సమాధి" యని పిలిచిరి. అచటికి పోయిన ఉద్యోగులును, సైనికులును, మతబోధకులును జ్వరముచే మడియుచుండుటయే యీ పేరునకు కారణము. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు అను వైద్యుడు సికింద్రాబాదులో దోమ కడుపునందు మలేరియా క్రిమిని కనుగొనెను. 1899లో ఆయనయే సియెర్రాలియోనుకు పోయి, అచటి జ్వరమును వ్యాపింపజేయు దోమలను గుర్తించెను. ఇంతటి జ్ఞానము చేతికి వచ్చినపిమ్మట అచటి ప్రభుత్వము చేసినదేమి? 1904లో ఫ్రీటౌనునకు ఎగువనున్న కొండపై తెల్లవారికొరకు ప్రత్యేకముగా నివాసములు కట్టించి, వారి రాకపోకలకు రైలుమార్గమును వేయించెను. ఊరిలోని నల్లవారు పూర్వమువలెనే దోమల నడుమ నుండిపోయిరి. ఆ తీరమునుండి తరతరములుగా మనుష్యులను ఓడలకెక్కించి అమ్ముకొనిన సంగతికి ఆ పేరులో చోటేలేదు. వచ్చినవాని చావునుబట్టి దేశమునకు పేరు పెట్టిరిగాని, ఉన్నవాని చావును ఎవ్వరును లెక్కింపలేదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగరు జిల్లా యయ్యెను. ఆ యేటనే గోదావరి కుత్తరమున ఆదిలాబాదు జిల్లా యేర్పడెను. అది 2016లో ఆదిలాబాదు, నిర్మలు, మంచిర్యాల, కొమురం భీము ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలుగా విభజింపబడినది. నిజాముల యేలుబడికి పూర్వము సిర్పూరు మొదలు చాందావరకు గోండు రాజుల యధికారము సాగెను. వారి సంతతివారే నేడును ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతముల గూడెములలో నివసించుచున్నారు. మైదానమునందలి మనవారికి మాత్రము ఆ యడవి యనిన చలిజ్వరము, పెద్దపులి, దారితప్పుట, ఇవియే జ్ఞప్తికి వచ్చెడివి. అచటికి బదిలీ యగుట శిక్షయని తలచు అలవాటు ఉద్యోగులలో చిరకాలము నిలిచెను.

జ్వరము నిజమే. పులియు నిజమే. అట్లయినను బాటలు పడుటయు, కాజీపేటనుండి బల్లార్షాకు రైలు నడచుటయు మొదలైన పిమ్మట మైదానమువారు అడవికి విరివిగా పోసాగిరి. కొందరు దున్నుకొనుటకు, కొందరు వర్తకమునకు, కొందరు వడ్డీవ్యాపారమునకు పోయిరి. గోదావరి దాటి కరీంనగరు వైపునుండి పోయినవారును, మహారాష్ట్రమునుండి దిగివచ్చినవారును వారిలో నున్నారు. గోండులకు భూమి కలదుగాని కాగితము లేదు. దున్నిన చేనికి పట్టా యుండవలెనని వారెరుగరు. ఆ పట్టా వ్రాయు భాష వారికి రాదు. పట్వారికి వ్రాత వచ్చును, షావుకారునకు లెక్క వచ్చును. గోండు చేను ఇతరుల పేర పట్టాయగుటకు ఇంతకంటె నేమి కావలయును? మరియొకవైపున ప్రభుత్వము రక్షితారణ్యమునకు హద్దులు గీయగా, బీడు వదలిన చేలు అడవిలో కలిసిపోయెను. వెట్టిచాకిరి వీనికి తోడయ్యెను.

ఈ బాధలనుండియే జోడేఘాటు ఘటన పుట్టెను. బాబేఝరి, జోడేఘాటు ప్రాంతమున అడవి కొట్టుకొని సేద్యముచేయుచున్న గోండుల గుడిసెలను అటవీసిబ్బంది తగులబెట్టిరి. కొమురం భీము వారికి నాయకుడై అడవిపైన, నేలపైన, నీటిపైన హక్కునకై నిలిచి, 1940లో జోడేఘాటు కొండలలో సాయుధ పోలీసుల కాల్పులకు అసువులు బాసెను.

ఆ దుర్ఘటన పిమ్మట నిజాం ప్రభుత్వము గోండుల స్థితిగతులను విచారింప నియమించిన పండితుడు హైమండార్ఫు. ఈయన వియన్నావాసి. 1939లో యుద్ధము మొదలగునప్పటికి మనదేశమున నుండుటచే ఆంగ్లేయులకు శత్రుదేశీయు డయ్యెను. తమవారు తుపాకులకు బలియైన కొలదికాలమునకే, ప్రభుత్వము పంపగా వచ్చిన యీ పరదేశిని గోండులు ఏమిచేసిరి? మార్లవాయి గూడెములో ఆయనకును, ఆయన భార్యకును చోటిచ్చి తమవారిగా జూచుకొనిరి. గోండులకు లావణి పట్టా లిప్పించుటకు ఆయన పాటుపడెను. మార్లవాయిలో పాఠశాల వెలసి, గోండుయువకులే ఉపాధ్యాయులుగా శిక్షణ పొందిరి. 1987లో ఆయన భార్య హైదరాబాదులో మరణింపగా ఆమెను మార్లవాయిలోనే ఖననము చేసిరి. అతిథికి అడవి యపాయకరమను వాదమునకు ఇంతకంటె మించిన సమాధాన ముండదు.

అతిథిసత్కారము గోండులకు పండుగలో భాగము. దీపావళి దినములలో దండారి బృందములు ఒక గూడెమునుండి మరియొక గూడెమునకు పోవును. నెమలిపింఛముల కిరీటములు ధరించి గుస్సాడీలు ఆడుదురు. వచ్చిన యూరివారందరికి ఆతిథ్యమిచ్చుట ఆ గూడెమువారి విధి. మార్లవాయివాసియైన కనకరాజు ఈ గుస్సాడీ నృత్యమునకే 2021లో పద్మశ్రీ నందెను. పుష్య అమావాస్యనాడు కేసలాపురములో మెస్రం వంశమువారు పాదచారులై తెచ్చిన గోదావరిజలముతో నాగోబాను కొలుతురు. ఆ జాతరకు వేలకొలది జనులు వచ్చి పోవుచుందురు.

ఇక గోండులే అతిథులై సంతకు వచ్చిన దినము నొకదానిని దలపవలసియున్నది. 1981 ఏప్రిలు 20వ తేదీ సోమవారము. ఇంద్రవెల్లిలో సంత. ఆనాడే గిరిజన రైతుకూలీ సంఘము సభ తలపెట్టగా పోలీసులు నిషేధించిరి. సంతకును సభకును వచ్చిన గోండులపై కాల్పులు జరిగెను. మృతులు 13 మంది యని ప్రభుత్వము ప్రకటించెను. అంతకు పెక్కురెట్లని ప్రజలు చెప్పుదురు. మనము గూడెమునకు పోయినచో గంజియైన పోయుదురు. వారు సంతకు వచ్చిననాడు దొరకిన దిది.

చట్టములు లేవని యనరాదు. గిరిజనుల భూములు అన్యాక్రాంతము గాకుండ 1959లో చేసిన నిబంధన 1963లో తెలంగాణమునకు వర్తింపజేయబడి, 1970లో మరింత బిగింపబడెను. కాని చట్టము కాగితముపై నున్నంతమాత్రమున పొలము చేతికి రాదు. అన్యుల చేతనున్న యా పొలము పంటతో తమ పిల్లలను చదివించుకొన్న కుటుంబములు మనలోనే యున్నవి. వారు చెడ్డవారని మే మనము. వారి యింటిధాన్యము ఎచటినుండి వచ్చినదో వారి పిల్లలకు దెలియుట మంచిదని మాత్రము తలంతుము.

నేడు కుంతాల జలపాతమును, కవ్వాల పులుల యభయారణ్యమును చూడబోవువారు పెక్కుమంది. వారు మమ్ము "క్షేమమా?" యని యడిగినచో, క్షేమమే యనుదుము. మంచిదారులు కలవు. వానకాలమున జలపాతపు రాళ్లపై దిగకుడు. దోమతెర తీసికొని పొండు. జ్వరము తగిలినచో వెంటనే రక్తపరీక్ష చేయించుకొనుడు. 2020 నవంబరులో కొమురం భీము జిల్లాలో పులివాతబడినవారు ఇద్దరును స్థానికులేగాని, చూడబోయినవారు గారు. జ్వరమును అంతే. చూడబోవువాడు రెండు దినములుండి మరలివచ్చును. గూడెమువాడు ఏటేట దాని నడుమనే యుండును.

కావున ఆ ప్రశ్నను మానవలదు. దానిని పూర్తిచేయుట నేర్చుకొందము. మన సంచిలో దోమతెర యున్నదా యని చూచుకొనువారము, మన కాతిథ్యమిచ్చు నింట దోమతెర యున్నదా యనియు, వాగు పొంగిననాడు ఆ యింటి గర్భిణి ఆసుపత్రి చేరుటకు దారి యున్నదా యనియు అడుగుదము. అట్లడుగక తిరిగివచ్చినచో, ఫ్రీటౌను కొండపై మేడలు కట్టుకొన్నవారికిని మనకును భేద ముండదు.