పొందూరు సన్న ఖాదీ: ఉన్ని లేని నేలలో మేలి బట్ట

ఉత్తరాంధ్ర మైదానంలో గొర్రెలున్నాయి గాని ఉన్ని లేదు. కోస్తాలో పెంచే గొర్రెల్లో ఎక్కువ భాగం, నెల్లూరు జాతి మాదిరిగా, పొట్టి వెంట్రుకలవి. వాటిని మాంసానికే పెంచుతారు. గొంగళ్లు నేసే కురుమలు, కురుబల ఊళ్లు తెలంగాణలోనూ రాయలసీమలోనూ, దక్కని నల్ల గొర్రెలు మేసే మెట్టల్లో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చలి బాధించేది సంక్రాంతికి అటూ ఇటూ కొన్ని వారాలే. దానికి పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి దగ్గర దగ్గరగా కుట్టిన బొంత సరిపోయేది. ఉన్నిలో వెచ్చదనమిచ్చేది పోగుల వంకరల్లో చిక్కుకున్న గాలి. బొంతలో ఆ పని పొరల మధ్య నిలిచిన గాలి చేస్తుంది. తడిస్తే మాత్రం నూలుకు ఆ గుణం పోతుంది. తడిలోనూ కొంత వెచ్చదనం నిలుపుకోవడం ఉన్నికే చెల్లింది. అందుకే మైదానంలో చాలిన బొంత కొండల మంచులో అన్నిసార్లూ చాలదు.

చలి సంగతి అలా తీరినా, గౌరవం సంగతి వేరు. సభలో పెద్దలను సన్మానించాలంటే శాలువా కప్పాలి. ఆ మాటే కాదు, దుశ్శాలువా అనే మాట కూడా పారశీకం నుంచి వచ్చినవే. మేలి శాలువాకు మూలం లడఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద మేసే మేకల పై వెంట్రుకల అడుగున, చలికాలంలో పెరిగే మెత్తని నూగు. ఒక్కో మేకకు ఏడాదికి దొరికేది సుమారు పావుకిలోనే. ఇంతటి సన్నదనాన్ని మొక్క నుంచి రాబట్టవచ్చని చూపించిన ఊరు శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు.

ఈ తీరపు నూలు బట్టకు పేరు కొత్తగా వచ్చింది కాదు. 17వ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్నంలోనూ, 1682లో ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్నంలోనూ స్థావరాలు పెట్టుకోవడానికి ముఖ్య కారణాల్లో ఇక్కడి బట్ట ఒకటి. పడుగులోని దారాల లెక్కను పుంజాల్లో చెప్పేవారు. ఆ లెక్కే ఎగుమతి బట్టకు పేరై నిలిచింది. 19వ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లు నూలు సంతల్లోకి దిగాక చాలా ఊళ్లలో రాట్నం అటకెక్కింది. మగ్గం మిగిలినా దాని మీదికి ఎక్కినది పరాయి దారం. ఆ రోజుల్లో మిల్లుల్లో పడుగుకు పెట్టే గంజిలో పశువుల కొవ్వు కలిపే వాడుక ఉండేది. అంటే మిల్లు బట్ట నూలుదే అయినా జంతువు అంటనిదని చెప్పడానికి వీల్లేదు. పల్లె మగ్గానికి అన్నపు గంజి చాలేది.

పొందూరులో రాట్నం ఆగకపోవడానికి చుట్టుపక్కల కొండవాలుల్లో పండే కొండపత్తి ఒక కారణం, పట్టుసాలి కులపు ఆడవారి చేతి పనితనం రెండోది. రెండింటిలో పెద్దది రెండోదే. ఆ పత్తి పోగు పొట్టిది, యంత్రానికి లొంగేది కాదు. దాన్ని దారం చేసేది వేళ్ల ఓపిక.

ఆ ఓపిక ఎంతటిదో వడకడానికి ముందు జరిగే పనులు చూస్తే తెలుస్తుంది. మొదట గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ నిండా సన్నని పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. దువ్విన కొద్దీ నలుసులు రాలిపోయి పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. తరవాత చెక్క పలక మీద పత్తి పెట్టి, సన్నని ఇనుప కడ్డీ దొర్లించి గింజ విడదీస్తారు. గింజ నలగకూడదు, పోగు తెగకూడదు. చిన్న విల్లుతో దూదిని ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా ఎండిన అరటి పట్టలో దాస్తారు. చివరికి ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు.

ఇలా వచ్చే నూలు 100 కౌంటు దాకా, ఒక్కోసారి ఆపైన కూడా ఉంటుంది. 100 కౌంటు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు 100. కిలో నూలు విప్పితే సుమారు 169 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాటి పోయేంత పొడవు. ఇదంతా ఒకరి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సాగి రావాలి.

ఈ వరుసలో చేప దవడ ఉన్న సంగతి దాచకూడనిది. వాలుగ తినే చేప. దవడ కోసమని దాన్ని ప్రత్యేకంగా పట్టరు. వంటకు పోగా మిగిలిన ఎముకనే గోదావరి తీరం నుంచి తెప్పించుకుంటారు. అయినా జంతువు ఊసే లేని బట్ట కావాలనుకునేవారికి ఇది తెలిసి ఉండాలి. బట్టలో ఉన్నది పత్తి ఒక్కటే, దాన్ని దువ్విన పనిముట్టు మాత్రం చేపది.

1921లో బెజవాడలో కాంగ్రెసు 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించినప్పుడు దేశంలో చాలాచోట్ల వడకడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. పొందూరు వైపు ఆ అవసరం రాలేదు. ఈ ప్రాంతపు సన్న నూలు గురించి గాంధీ యంగ్ ఇండియాలో రాశారు. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడ్డాక ఖాదీకి దేశవ్యాప్తంగా ఒక వ్యవస్థ కుదిరింది. 1949లో పొందూరులో ఆంధ్ర సన్న ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వెలిసింది. పత్తి ఇచ్చి నూలు తీసుకోవడం, నూలు ఇచ్చి బట్ట తీసుకోవడం, అమ్మకం, అన్నీ ఆ సంఘం చేతుల మీదుగా సాగాయి. పొందూరు పంచె రాజకీయ నాయకుల ఒంటి మీద, సినీ నటుడు అక్కినేని నాగేశ్వరరావు ఒంటి మీద కనిపించి తెలుగునాట పేరు మోసింది. సన్మానాల్లో శాలువాకు బదులు పొందూరు ఉత్తరీయం కప్పడమూ ఉంది. ఇది అందరూ పాటించదగిన పద్ధతి. మెడలో వేసిన బట్ట మర్నాడు కూడా వాడుకోవచ్చు.

కొనేవారు రెండు తేడాలు గమనించాలి. ఖాదీ అంటే నూలు బట్ట ఒక్కటే కాదు. చేతితో వడికి చేతితో నేసిన పట్టు, ఉన్ని బట్టలకు కూడా చట్టప్రకారం ఆ పేరే. రెండోది, పొందూరు బట్టంతా ఒక్క తీరుది కాదు. అంబర్ చరఖా వచ్చాక మిల్లులో తయారైన ఏకులతో వడికే ముతక రకం కూడా వచ్చింది. కొండపత్తితో ఒంటి కదురు మీద వడికినది వేరు. ఇక ఉన్నికి బదులుగా చలికాలంలో వీధి అంగళ్లలో చవకగా దొరికే స్వెటర్లలో చాలా వాటికి జంతువుతో సంబంధం లేదన్నది నిజమే గాని, అవి పెట్రోలియం నుంచి తీసిన యాక్రిలిక్. ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. ఉన్నికి బదులు వెతికేవారు ఆ బదులు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి.

పొందూరు నూలుకు అసలు చిక్కు కూలి దగ్గర ఉంది. రోజంతా వడికితే వచ్చే చిలపలు కొద్ది. వాటికి ముట్టే డబ్బు ఇంకా కొద్ది. రాట్నం ముందు కూర్చున్నవారిలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవారే. కూతుళ్లు, కోడళ్లు వేరే పనులకు పోతున్నారు. వారిని తప్పుపట్టడానికి లేదు. బట్ట ధరలో వడికిన చేతికి చేరే వాటా పెరగకుండా ఆ పీట మీద కొత్తవారు వచ్చి కూర్చోరు.