కుళాయి కట్టేసినా

ఆర్సెనిక్‌ను మనవాళ్లు పాషాణం అన్నారు. రంగు, రుచి, వాసన ఏవీ లేకుండా నీళ్లలో ఉంటుంది. కాచినా పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఒకప్పుడు బెంగాల్ పల్లెల్లో చాలామందికి చెరువు నీళ్లే గతి. కలరా, విరేచనాలతో పిల్లలు పోతుంటే 1970లలో బంగ్లాదేశ్‌లో యునిసెఫ్ వంటి సంస్థలు పూనుకుని చేతిపంపులు వేయించాయి. మంచి పనే. కానీ ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందేమో చూడాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో అది ఇనుప తుప్పును పట్టుకుని ఉంటుంది. గాలి ఆడని అడుగున సూక్ష్మజీవులు తుప్పును కరిగిస్తే నీళ్లలోకి దిగుతుంది.

1983లో కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరికి పల్లెల రోగులు వచ్చారు. ఒంటినిండా చినుకులు చల్లినట్టు మచ్చలు. అరచేతులు, అరికాళ్లు ఆనెకట్టి గరుకెక్కాయి. కుష్ఠేమోనని ఇరుగుపొరుగు దూరం పెట్టిన జబ్బు అది. అసలు దోషి పంపు నీరు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు దీపాంకర్ చక్రవర్తి 1988 నుంచి ఊరూరా నీళ్లు పరీక్షించారు. 1993లో బంగ్లాదేశ్‌లోనూ బయటపడ్డాక పంపులకు రంగులు వేశారు: తాగొచ్చంటే ఆకుపచ్చ, వద్దంటే ఎరుపు. (ఎరుపు పంపు గుమ్మం ముందుండి, ఆకుపచ్చది ఊరవతల ఉంటే ఆడవాళ్లు ఏం చేస్తారో వేరే చెప్పాలా?)

మచ్చలు పైకి కనిపించేవి. లోపల జరిగేది ఏళ్ల తరబడి నానుతుంది. తాగునీటిలో ఆర్సెనిక్ హద్దు కూడా దిగుతూ వచ్చింది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 1958లో లీటరుకు 200 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదంది. 1963లో 50కి, 1993లో 10కి దించింది.

నా మటుకు అసలు పాఠం చిలీలోని అంతొఫగస్తాది. ఎడారి పట్టణం, తాగునీటికి 1958లో కొత్త నదుల నీళ్లు తెచ్చుకుంది. వాటిలో ఆర్సెనిక్ లీటరుకు దాదాపు 860 మైక్రోగ్రాములు. 1970లో శుద్ధి ప్లాంటు వచ్చి మోతాదు బాగా తగ్గింది. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు సరికదా, పెరుగుతూ పోయి రెండు దశాబ్దాల తరవాత గానీ తారస్థాయికి చేరలేదు. ఆ పన్నెండేళ్లలో తల్లి కడుపులో ఉన్నవాళ్లలో 30, 40 ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల జబ్బులతో పోయినవాళ్లు మామూలుకన్నా చాలా ఎక్కువ. వాళ్ల తరవాత పుట్టిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ తాగింది మాత్రం ప్లాంటు నీళ్లు.