మూన్‌స్టోన్ నవలయు, కృష్ణాతీరపు వజ్రములును

1868వ సంవత్సరమున లండను నగరమందలి వెల్లింగ్టన్ వీథిలో, ఒక పత్రికా కార్యాలయము ముందు వారమున కొకనాడు జనము గుమిగూడుచుండెడివారు. ఆ పత్రిక ఛార్లెస్ డికెన్సు నడుపుచుండిన 'ఆల్ ది యియర్ రౌండ్'. మూటలు మోయు కూలీలును, అంగళ్ళలో పనిచేయు కుఱ్ఱవాండ్రును సైతము క్రొత్త సంచికను చేతబట్టుకొని, వీపుమీది బరువైనను దింపక, దారిలోనే నిలిచి చదువుకొనుచుండిరని విలియం టిన్స్‌లీ అను ప్రకాశకుడు తన జ్ఞాపకములలో వ్రాసికొనెను. వజ్రము కట్టకడపట ఎక్కడ దొరకునో యని పందెములు కూడ వేసికొనిరట. వారము వారము రేడియో నాటకము విని, తరువాయి భాగమును గూర్చి భోజనములయొద్ద వాదించుకొనిన యిండ్లవారికి ఈ తహతహ యెట్టిదో మేము చెప్పవలసిన పనిలేదు.

ఆ నవల పేరు 'మూన్‌స్టోన్'. రచయిత విల్కీ కాలిన్సు. జనవరి 4వ తేది మొదలు ఆగస్టు 8వ తేది వఱకు ముప్పదిరెండు వారములు అది ధారావాహికముగా వెలువడినది. పేరు విని చంద్రకాంతమణి యని మన చదువరులు భ్రమపడవచ్చును. వెన్నెలలో కరగు ఆ శిల మన కావ్యములలోని సొత్తు. దీనికిని దానికిని సంబంధము లేదు. కాలిన్సు చెప్పినది పసుపువన్నె గల పెద్ద వజ్రము. అది సోమనాథమున చంద్రదేవుని విగ్రహపు నొసట నుండెడిదనియు, చేతులు మారి మారి తుదకు టిప్పు సుల్తాను బాకు పిడిలో చేరినదనియు ఆయన కల్పన. 1799లో శ్రీరంగపట్టణము పడిన దినమున హెర్న్‌కాసిల్ అను ఆంగ్లసేనాని ముగ్గురిని చంపి దానిని హరించును. దాదాపు ఏబది యేండ్లకు అది అతని మేనకోడలికి పుట్టినరోజు కానుకగా వచ్చును. ఆ రాత్రియే మాయమగును. ఆమెకును, ఆమెను ప్రేమించిన యువకునికిని నడుమ పెద్ద అనుమానము పుట్టును. వజ్రము దొరకినగాని వారి మనసులు కలియవు. దొంగ యెవరో మేము చెప్పము. చదువనివారి సుఖమును చెఱచుట న్యాయము కాదు.

నవల వెలువడుచున్నప్పుడు చదువరు లేమనుకొనిరి? మొట్టమొదటి చదువరి డికెన్సే. 1867 వేసవిలో ఆరంభ ప్రకరణములను చూచి ఆయన ఎంతయో మెచ్చుకొనెను. మఱుసటి యేడు జూలై నాటికి, కథ తన పత్రికలో ఇంకను నడుచుచుండగనే, దీని కట్టుబాటు భరింపరాని విసుగు పుట్టించుచున్నదనియు, ఇందలి మొండి అహంకారము చదువరులను శత్రువులుగా చేయుననియు తన సహసంపాదకునికి ఉత్తరము వ్రాసెను. వీథిలో నిలిచి చదివిన కూలీకి లేని విసుగు సంపాదకునికి కలుగుట విచిత్రమే. కొందఱు విమర్శకులును డికెన్సు పక్షమే వహించిరి. కథ గడియారపు యంత్రమువలె నడుచుచున్నదిగాని, మనుష్యులు కానరారని వారి ఫిర్యాదు.

ఈ నవల వ్రాయునాటికి కాలిన్సు స్థితి యెట్టిదో చూడవలెను. కీళ్ళవాతముతో మంచము పట్టి, బాధకు ఓర్వలేక నల్లమందు ద్రావకము త్రాగుచు, కొన్ని భాగములను తాను చెప్పుచుండగా ఇతరులచే వ్రాయించెను. ఆ మార్చి నెలలోనే ఆయన తల్లి మరణించినది. అట్టి దశలో తన్ను నిలిపినది ఆంగ్లదేశమునను అమెరికాలోను కథకై యెదురుచూచుచుండిన చదువరులేయని ఆయన తరువాతి కూర్పు పీఠికలో చెప్పుకొనెను. నల్లమందు ఆ కథలోనే ఒక ముఖ్యమైన ముడియగుట యెఱిగినవారికి ఈ సంగతి మఱింత మనసునకు తగులును.

ఆనాటి అభిప్రాయములన్నిటిలో మాకు ఎక్కువ విలువగా తోచినది వేఱొకటి గలదు. 1868 జూలై 25వ తేది 'అథీనియం' పత్రికలో సంతకము లేక ఒక సమీక్ష వెలువడినది. వ్రాసినది జెరాల్డిన్ జ్యూస్‌బరీ అను రచయిత్రి. ఈ వజ్రముకొఱకు ముగ్గురు బ్రాహ్మణులు సముద్రము దాటి, కులము వదలుకొని, గారడీవారి వేషములతో ఇంగ్లండు తిరుగుదురు. తుదకు సోమనాథపు యాత్రికుల నడుమ ముగ్గురును మూడు దిక్కులకు విడిపోవుదురు. మఱి యెన్నడును ఒకరి ముఖ మొకరు చూడరాదు. ఆ ఘట్టమున కన్నీరు పెట్టనివారు అరుదని ఆమె వ్రాసెను. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి పదునొకండేండ్లే. ఆ సమయమున డికెన్సును కాలిన్సును కలిసి వ్రాసిన కథలో ఆ కోపమే కలదు. అట్టి దేశమున, అట్టి కాలమున, వెంబడించు హిందువులకై ఒక పాఠకురాలు కంట తడి పెట్టుట చిన్న సంగతి కాదు.

పిమ్మట చదువరుల ప్రశ్నయే మారినది. 1928లో టి. ఎస్. ఎలియట్ దీనిని ఆధునిక ఆంగ్ల అపరాధ పరిశోధక నవలలలో మొదటిదియు, పొడవైనదియు, ఉత్తమమైనదియునని కొనియాడెను. ఆయన చూపు కథానిర్మాణము మీదనే. 1973లో జాన్ రీడ్ అను విమర్శకుడు, పుట్టినరోజు రాత్రి జరిగిన దొంగతనముకన్న ముందు శ్రీరంగపట్టణమున జరిగిన దొంగతనమే అసలు నేరమనియు, దానిని ఆంగ్లసమాజము ఒప్పుకొనలేదనియు వాదించెను. దొంగ యెవరను ప్రశ్న పోయి, మొదటి దొంగ యెవరను ప్రశ్న వచ్చినది.

తెలుగువారము గనుక మాకు ఇంకొక ప్రశ్న తోచుచున్నది. విగ్రహపు నొసటికి రాకముందు ఆ రాయి యెక్కడిది? దానిని త్రవ్వినదెవరు? కాలిన్సు కథలో వజ్రము దేవునితోడనే పుట్టినట్లుండును. వ్యాపార మాయనకు తెలియక కాదు. కుదువపెట్టుకొను లండను వడ్డీవ్యాపారి, దానిని దాచిన బ్యాంకు, ముక్కలుగా కోసిన అధికమైన వెల వచ్చునని ఆమ్‌స్టర్‌డామ్‌కు పంపు ఆలోచన—ఇవన్నియు నవలలో కలవు. ఇవన్నియు రాయి ఓడ దిగిన తరువాతి సంగతులు. ఓడ యెక్కకముందు సంగతులు తెలియవలెనన్న చరిత్రలోనికి పోవలెను.

ఆ చరిత్రలో ఒక ఘట్టము నవలకు తీసిపోదు. 1701లో జామ్‌చంద్ అను వజ్రవర్తకుడు 410 కారట్ల ముడిరాయిని చెన్నపట్టణపు కోటకు తెచ్చి, గవర్నరు థామస్ పిట్‌కు చూపి రెండు లక్షల వరహాలడిగెను. అది కృష్ణాతీరమున పరిటాల గనిలో దొరకినదని చెప్పుదురు. నెలల తరబడి బేరము సాగినది. పలుమార్లు తెగిపోయి, మరల అతుకుకొని, 1702లో నలువదియెనిమిదివేల వరహాలకు కుదిరినది. లండనులో సానబట్టగా 140 కారట్లు మిగిలినది. 1717లో ఫ్రాన్సు రాజ్యపాలకుడు దానిని 1,35,000 పౌనులకు కొనెను. నేడది పారిసు నగరమందలి లూవ్ర్ ప్రదర్శనశాలలో 'రీజెంట్' అను పేర నున్నది. పిట్ వంశమునకు ఐశ్వర్యము దీనివలననే వచ్చినది. ఇంగ్లండు ప్రధానిగా ప్రసిద్ధికెక్కిన పెద్ద విలియం పిట్ ఇతని మనుమడే.

కాని లాభముతోపాటు వదంతియు వెంటవచ్చినది. ఒక గనికూలీ పిక్క కోసికొని, గాయపు కట్టులో రాయి దాచి, సముద్రతీరమునకు పాఱిపోయెననియు, ఓడ కప్తాను అతనిని నీట ముంచి రాయి లాగికొని జామ్‌చంద్‌కు అమ్మెననియు కథ పుట్టినది. ఇది కథయే, నిజమను ఆధారము లేదు. పిట్ మాత్రము లోకుల నోరు మూయింపలేకపోయెను. 1710 జూలైలో నార్వేలోని బెర్గెన్ నుండి, రాయిని తాను న్యాయముగా కొన్నాననియు, ఎవరిని బెదరింపలేదనియు దేవునిమీద ప్రమాణముచేసి ఒక ప్రకటన వ్రాసిపెట్టెను. ఆయన మరణించినది 1726లో. 1733లో అలెగ్జాండర్ పోప్ కవి ఒక పద్యములో, నిద్రించుచున్న భారతీయునినుండి రత్నము దొంగిలించిన వర్తకుని ఎత్తిపొడిచెను. అది పిట్ నుద్దేశించినదేయని ఆనాటివారు గ్రహించిరి. కొన్నవాడు నిర్దోషియే కావచ్చును. అయినను పిక్క కోసికొనిన కూలీ కథను జనము ఎందుకంత సులభముగా నమ్మిరి? గనులలో బ్రతుకు ఎట్టిదో చూచిన సమాధానము దొరకును.

ఆ బ్రతుకును కన్నులార చూచి వ్రాసినవాడు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే. అతని ప్రయాణగ్రంథము 1676లో అచ్చయినది. గోలకొండకు తూర్పుగా ఏడు దినముల ప్రయాణములో కృష్ణయొడ్డున నుండిన కొల్లూరును వర్ణించుచు, దానిని దేశభాషలో 'గని' యందురని అతడు వ్రాసెను. మన మాటనే ఊరి పేరనుకొనెను పాపము. అంతకు సుమారు నూరేండ్లకు పూర్వము ఒక పేద సేద్యగాడు చిరుధాన్యము చల్లుటకు నేల త్రవ్వుచుండగా ఇరువదియైదు కారట్ల రాయి బయటపడినదట. గని పుట్టుక అది. తాను పోయినప్పుడు మగవారు, ఆడువారు, పిల్లలు కలిసి అఱువదివేలమంది అక్కడ పనిచేయుచుండిరని అతని లెక్క. మగవారు త్రవ్వుదురు. ఆడువారును పిల్లలును మట్టిని గోడకట్టిన దొడ్డిలోనికి మోయుదురు. దానిని నీట కడిగి, ఎండబెట్టి, ధాన్యమును తూర్పారపట్టినట్లు చేటలతో చెఱిగి, మిగిలినదానిలో చేతులతో వెదకుదురు. చేట పట్టుట ఎఱిగిన చేతులే వజ్రములను ఏరినవన్నమాట.

కూలి యెంత? రావల్‌కొండయని అతడు వ్రాసిన మఱొక గనిలో పనివానికి సంవత్సరమునకు మూడు వరహాలు. గోచి తప్ప గుడ్డ యుండదు. ఏబదిమంది పనివారికి పండ్రెండుమందియో పదునైదుమందియో కావలివారు. అయినను ఒకడు చిన్న రాయిని కంటికొనలో దాచుకొనగా పట్టుకొనిరని టావెర్నియే చెప్పెను. పెద్ద రాయి దొరకి, దానిని యజమానికి నిజాయితితో అప్పగించినవానికి ఒక తలపాగా గుడ్డయు, కొంచెము సొమ్మును, బియ్యమును, పళ్ళెముతో చక్కెరయు బహుమానము. పిట్ రాయి వెలతో ఈ మూడు వరహాలను పోల్చిచూడుడు. పదునాఱువేలమంది పనివారి యేడాది కూలి ఒక్క రాయికి సరి. కంటికొనను దాచినవానిని తిట్టుటకు మాకు నోరు రాదు.

బేరములు మాత్రము అతి మర్యాదగా జరిగెడివి. కొనువాడును అమ్మువాడును ఎదురెదురుగా కూర్చుండి, గుడ్డక్రింద చేయి చేయి పట్టుకొనువారు. చేయి మొత్తము నొక్కిన వేయి, ఒక వ్రేలు పట్టిన నూఱు, నడిమి కణుపు వఱకు పట్టిన ఏబది, కొనయందు పట్టిన పది. మాట లేదు, ముఖమున మార్పు లేదు. ప్రక్కన నిలిచినవానికి ఏమియు తెలియదు. ఉదయమున చెట్టుక్రింద వర్తకుల పిల్లలు, పదియేండ్లవారు మొదలు పదునాఱేండ్లవారి వఱకు, తక్కెడలతో కూర్చుండి వచ్చిన రాళ్ళను పెద్దవాని చేతికిచ్చి పరీక్షింపజేసి కొనెడివారు. సాయంకాలము అన్నిటిని రకములుగా వేఱుచేసి పెద్ద వర్తకులకు అమ్మి, లాభము పంచుకొనెడివారు. పెద్దవానికి మాత్రము నూటికి పావువంతు అదనము. కాలిన్సు చేతికి ఈ ఒక్క దృశ్యము దొరకియుండిన ఎంత చక్కని ప్రకరణమై యుండెడిదో!

కాలిన్సును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఆయన వ్రాయదలచినది ఒక ఆంగ్ల గృహమున పుట్టిన అనుమానమును గూర్చి. పీఠికలో కోహినూరును, రష్యా రాజదండమున నున్న రాయిని తలచుకొని, మొదటి హరణము ఆంగ్లసేనానిదేయని ఆరంభమునందే చెప్పుట ఆ కాలమునకు సాహసమే. కాని సోమనాథము దాటి వెనుకకు పోయి వెదకిన చదువరిని మేమింతవఱకు చూడలేదు.

ఆ నవల ఆంగ్లదేశమున అమ్ముడుపోవుచుండగనే వజ్రవ్యాపారపు త్రోవ మఱొకవైపు తిరుగుచుండినది. 1720లకు తరువాత బ్రెజిల్ రాళ్ళు వచ్చి మన గనుల వెలుగును తగ్గించినవి. 1867లో దక్షిణాఫ్రికాయందు ఆరెంజి నదికి చేరువ ఒక పిల్లవానికి ఆటవస్తువుగా దొరకిన రాయి వజ్రమని తేలినది. నాలుగేండ్లలో కింబర్లీయందు త్రవ్వకములు మొదలైనవి. అక్కడి కూలీలకును కావలివారు తప్పలేదు. కృష్ణయొడ్డున గుంటలు పాడుపడి, ముండ్లపొదలు మొలచినవి. మన కాలమున పులిచింతల జలాశయము నిండిన తరువాత కొల్లూరు నీటిక్రిందికి పోయినది.