రాజలాంఛన జంతువుల వెండి నాణేలు

ఒక రాజవంశం తన గుర్తుగా నిలుపుకున్న జంతువు బొమ్మతో ముద్రించిన వెండి నాణేలివి. నేటి సేకర్తలకు ఈ మాట వినగానే తట్టేది బ్రిటన్‌ రాయల్ మింట్ 2016–2021 మధ్య తెచ్చిన ‘క్వీన్స్ బీస్ట్స్’ వరుస. 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకానికి జేమ్స్ వుడ్‌ఫోర్డ్ మలచిన పది జంతు విగ్రహాలు దానికి మూలం. సింహంతో మొదలైన ఆ వరుసలో రెండౌన్సుల నాణెం 62 గ్రాములకు పైగా తూగుతుంది, వెండి వన్నె 99.99 శాతం. ముఖవిలువ 5 పౌండ్లే అయినా ఆ ధరకు ఎవరూ ఇవ్వరు.

తెలుగు నేలకు ఈ ఆనవాయితీ కొత్త కాదు. శాతవాహనుల సీసపు నాణేలపై ఏనుగు, సింహం ఉన్నాయి. విష్ణుకుండినుల నాణేలపై ముందుకాలు ఎత్తి నిలిచిన సింహం కనిపిస్తుంది. వారి తర్వాత వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల లాంఛనం వరాహం. అయినా ‘విషమసిద్ధి’ అని రాసి ఉన్న వారి వెండి నాణేలపై ఉన్నది మాత్రం సింహమే. బొరుసు వైపు త్రిశూలం, అటూ ఇటూ దీపపు సెమ్మెలు. విషమసిద్ధి ఆ వంశపు తొలి రాజు కుబ్జవిష్ణువర్ధనుడి బిరుదు. జనం చేతికి అలవాటైన సింహపు నాణేన్ని కొత్త పాలకులు కదిలించకపోవడం ఎంతో తెలివైన పని.

వరాహం వారి బంగారంపైకి ఎక్కింది. మొదటి శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పేర్లున్న పలుచని బంగారు బిళ్ళల నడుమ వరాహం, చుట్టూ విడివిడిగా గుద్దిన తెలుగు అక్షరాలు ఉంటాయి. ఇవి సముద్రం దాటి అరకాన్, సయాం ప్రాంతాల్లోనూ దొరికాయి. విజయనగరంలో అచ్యుతదేవరాయలు గండభేరుండాన్ని ముద్రించినదీ బంగారంపైనే.

హైదరాబాద్‌ను ఏలిన ఆసఫ్‌జాహీల కాలంలో జంతువు పక్కకు తప్పుకుంది. పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో 1803లో నెలకొన్న టంకశాల 1903లో సైఫాబాద్‌కు మారింది. 20వ శతాబ్దంలో హాలీ సిక్కా అనే ఆసఫ్‌జాహీ రూపాయిపై చార్మినార్ నిలిచింది. దాని నడిమి తోరణంలోకి తేరిపార చూస్తే చిన్న అక్షరం ఒకటి కనిపిస్తుంది: ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. రాజుకు గుర్తుగా ఊరి కట్టడం చాలిందన్నమాట. ఆ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం.

అదే కాలంలో బ్రిటిష్ ఇండియా రూపాయిపై జంతువు పెద్ద అలజడి రేపింది. 1911 నాణెంపై అయిదో జార్జి ధరించిన పతకమాలలో ఏనుగు ఉంది. తొండం పొట్టిగా పడటంతో అది పందిలా కనిపించి ముస్లింలు తీవ్రంగా నొచ్చుకున్నారు. ప్రభుత్వం విడుదల ఆపి, మిగిలిన వాటిని కరిగించింది; 1912లో తొండం స్పష్టంగా చెక్కించి మళ్ళీ ముద్రించింది. తులం ఎత్తున్న ఆ పాత రూపాయి ‘పిగ్ రూపీ’ పేరుతో ఇప్పుడు సేకర్తలకు ప్రియమైనది. కొనేవారు సంవత్సరం అంకెను చూసి వదిలేయకుండా, రాజు వస్త్రంపై ఉన్న ఏనుగును భూతద్దం కింద పరీక్షించాలి. తొండం బాగా కిందికి వేలాడుతూ ఉంటే, అంకె 1911 అని ఉన్నా, దాన్ని అనుమానించాల్సిందే.