నక్షత్ర పరిచయము: కన్నును, యంత్రమును

మేడమీద నిలిచి నక్షత్రములను చూచు అభిరుచి గలవారికి నేడొక సందేహము కలుగుచున్నది. తానే దిక్కు కనుగొని, తానే ఛాయాచిత్రము తీసి, చేతిలోని ఫోనునకు పంపు దూరదర్శిని అంగడిలో దొరకుచుండగా, కటకమునకు కన్ను ఆనించి చలిలో గంటల కొలది నిలువవలసిన పని యేమి? ప్రశ్న క్రొత్తది వలె తోచును గాని, దాని చరిత్ర నూరేండ్లకు పైబడినది. ఆ చరిత్రలో మన హైదరాబాదునకును పాలున్నది గనుక, దానిని శ్రోతలకు కొంత వివరింపదలచినాము.

1918 జూన్ 7వ తేదీ రాత్రి, నాటి అవిభక్త వంగదేశములోని జెస్సోర్ పట్టణమున, రాధాగోవింద చంద్ర అను ఖజానా గుమస్తా ఆకాశమును పరిశీలించుచుండెను. శ్రవణా నక్షత్రమున్న గరుడమండలములో, అంతకుముందు ఎరుగని తార యొకటి ఆయనకు కనబడినది. అది నోవా, అనగా ఉన్నట్లుండి వెలుగు హెచ్చిన తార. మరి రెండు దినములలో అది ఆకాశములోని మిక్కిలి కాంతిమంతములైన తారల సరసకు చేరినది. ఆ దినములలోనే పెక్కు దేశములవారు ఎవరికి వారుగా దానిని గుర్తించినారు. చంద్రగారికి విశ్వవిద్యాలయ పట్టము లేదు. ప్రవేశ పరీక్షయే ఆయనకు గట్టెక్కలేదు. 1912లో కొనిన 3 అంగుళముల చిన్న దూరదర్శినియే ఆయన సంపద. అయినను ఆ తారను గుర్తించుటకు తక్కిన తారలతో గల చెలిమియే ఆయనకు తోడ్పడినది. వీధిలో అందరిని ఎరిగినవానికే క్రొత్తవాడు కనబడును గదా!

పిమ్మట ఆయన చరతారల పరిశీలనకు పూనుకొన్నారు. ఇవి కాంతి హెచ్చుచు తగ్గుచు నుండు తారలు. ప్రక్కనున్న స్థిరకాంతి గల తారలతో పోల్చి, నేడు దీని వెలుగు ఇంత అని అంచనా కట్టి వ్రాసికొనవలెను. 1919 మొదలు 1954 వరకు ఆయన అట్టి పరిశీలనలు 37,000కు పైగా చేసి, అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘమునకు పంపినారు. 1926లో ఆ సంఘమువారు ఆయనకు 6 అంగుళముల దూరదర్శినిని పంపి గౌరవించినారు.

ఇదే కాలమున హైదరాబాదులో వేరొక పద్ధతి సాగుచుండెను. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించినది. ఆకాశమునంతను ఛాయాచిత్రములలోనికి ఎక్కించుటకు 1887లో పారిస్ నగరమున ఆరంభమైన అంతర్జాతీయ పథకములో ఆ వేధశాల చేరి, గాజు పలకలపై 7,50,000కు మించిన నక్షత్రముల స్థానములను కొలిచి ప్రకటించినది. ఇది వట్టి కంటికి సాధ్యమగు పని కాదు.

మరి పలక వచ్చిన పిమ్మట పరిశీలకుడు అనవసరమైనాడా? లేదు. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడగు వైను బప్పు అచటనే ఆకాశముతో పరిచయము పెంచుకొని, విద్యార్థి దశలోనే చరతారలను పరిశీలించినారు. 1949లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, ఛాయాచిత్ర ఫలకముపై క్రొత్త తోకచుక్కను కనుగొన్నారు. పలకను తీసినది యంత్రము. అందలి వింతను పట్టినది అలవడిన దృష్టి. చంద్రగారి దూరదర్శినియు కాలక్రమమున బప్పుగారి చేతికే వచ్చి, తమిళనాడులోని కావలూరు వేధశాలకు చేరినది.

ఇక నేటి యంత్రము సంగతి. 2017లో ఫ్రాన్సు దేశపు యూనిస్టెల్లార్ సంస్థ ఇట్టి దూరదర్శినిని ప్రకటించినది. 2023లో 50 మిల్లీమీటర్ల కటకము గల సీస్టార్ మరింత తక్కువ వెలకు వచ్చినది. తన ఎదుటనున్న తారల అమరికను పటముతో పోల్చి యంత్రము దిక్కు తెలిసికొనును. కొలది సెకనుల చిత్రములను పదుల కొలది తీసి, ఒకదానిపై నొకటి పేర్చి, మసక నీహారికల రంగులను సైతము చూపును. కన్ను అట్లు కాంతిని కూడబెట్టజాలదు. మసక వెలుగులో రంగులను గుర్తింపజాలదు. పట్టణ దీపకాంతిలో యంత్రమునకే గెలుపు. 2022 సెప్టెంబరులో అమెరికా నౌక యొకటి డైమోర్ఫోస్ అను చిన్న గ్రహశకలమును ఢీకొన్నపుడు, రీయూనియన్ దీవినుండియు, కెన్యానుండియు ఔత్సాహికులు ఈ యంత్రములతో ఆ దృశ్యమును నమోదు చేసినారు. ఆ ఫలితములు మరుసటి యేడు 'నేచర్' పత్రికలో వెలువడినవి. చంద్రగారి వారసులు వీరు కారని ఎట్లనగలము?

కాని యంత్రము చూడుమన్న చోటనే చూచును. ఏది చూడవలెనో ఎరుగనివానికి అది బొమ్మల పెట్టె మాత్రమే. రేడియో మహా విద్వాంసుల గానమును మన ముంగిటికి తెచ్చినది. అయినను తాళము వేయనేర్చిన పిల్లవాడు దానినుండి గ్రహించునది హెచ్చు. కావున యంత్రము కొనదలచిన గృహస్థులకు మా మనవి యిది: ముందుగా ఒక నెల దినములు మీ పిల్లలకు వట్టి కంటితోనే సప్తర్షులను, పిల్లలకోడిని, శ్రవణమును చూపుడు. పేరు పెట్టి పిలువదగిన తారలు పది యేర్పడిన పిమ్మట యంత్రమును తెండు. అపుడది చూపు ప్రతి చిత్రమును వారికి ఎరిగినవారి యింటినుండి వచ్చిన జాబు వలె నుండును.